గరిట నిలబడేదాకా

"ముగ్గు తిని ముగ్గురు పోయారండీ."

ట్రంకాల్లో ఆ ఆడగొంతు చెప్పింది నాకు అలాగే వినపడింది. 1978 మార్చి పద్నాలుగు, మంగళవారం, ఉదయం ఏడుంబావు. గుడివాడలో నా ఆఫీసు సోడా కొట్టు పైన మేడగది. కింద సోడాలు కొడుతుంటే పైన టెలిఫోనులో సగం మాటలు గ్యాసైపోతాయి.

"ముగ్గు వాకిట్లో వేసుకోవాలిగానీ నోట్లో వేసుకున్నారేంటండీ?" అన్నాను.

ఆ గొంతు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "ముగ్గు కాదండీ, ఉగ్గు. పసిపిల్లలు. మూడు నెలల వాడొకడు, నాలుగు నెలల పిల్ల, అయిదు నెలల పిల్ల. ఆ ఉగ్గుపిండి చేసింది నేనే. నా పేరు లలితాంబ. బందరు నుంచి మాట్లాడుతున్నాను."

నోరు జారినప్పుడల్లా ఇంకో జోకు వేసి నిలదొక్కుకోవడం నాకలవాటు. ఆ పొద్దున నిలదొక్కుకోలేకపోయాను. చొక్కా తగిలించుకుని టాక్సీ జానీని కారు తియ్యమన్నాను.

నా పేరు చిట్టిబాబు. చిట్టితనం పేరు దగ్గరే ఆగిపోయింది. మనిషిని తొంభై రెండు కేజీలు. ఇరవయ్యేళ్లు తిండి కల్తీలు పట్టుకునే ఇనస్పెక్టరుగా చేశాను. పై అధికారి బావమరిది నెయ్యిలో కల్తీ పట్టుకున్నాక నెయ్యి గడ్డకట్టే ఉంది, నా ఉద్యోగం కరిగిపోయింది. అప్పట్నుంచీ ప్రైవేటు డిటెక్టివుని.

ఎనిమిదీ యాభైకి బందరులో శిశు ఆహార పరిశోధనశాల ముందు దిగేసరికి సర్కిల్ ఇనస్పెక్టరు రత్నరాజు గదులకి లక్క సీళ్లు వేయిస్తున్నాడు. మా ఇద్దరికీ పదేళ్ల పాత వైరం. నేను పట్టిన కల్తీ కేసుల్లో సగం ఆయన చేతుల్లో పడి నీరుగారిపోయాయని నేనంటాను. నేను వాగకుండా ఉంటే గెలిచేవాళ్లమని ఆయనంటాడు.

"రండి డిటెక్టివు గారూ. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా," అన్నాడు.

"గదులకి సీలు వేశారు. ఆవిడ శీలానికి కూడా వేసేద్దామనా?"

"మీ మాటల గారడీ నా దగ్గర వద్దు. పది నిమిషాలిస్తాను. తర్వాత ఆవిణ్ణి పిల్లలు పోయిన ఊరు, గుల్లలపాలెం తీసికెళ్లి, అక్కడ పంచనామా రాయించి, సాయంత్రం అయిదింటికి అరెస్టు చూపిస్తాను."

బల్లమీద ఆయన స్వాధీనం చేసుకున్న సరుకు వరసగా పెట్టి ఉంది. ఎనిమిది పిండిడబ్బాలు, ఆరు నోటు పుస్తకాలు, ఒక ముగ్గు పొట్లం, ఒక నీలం మందు సీసా.

"ముగ్గు పొట్లం ఎందుకండీ?"

"ఆ ఊరి నుంచి ఫోనొచ్చినప్పుడు మా రైటరు ముగ్గని రాసుకున్నాడు. రాసుకున్నాక స్వాధీనం చేసుకోవాలి." ఆయన మొహంలో నవ్వు లేదు. ఫోను నా ఒక్కడికే కాదు, పోలీసులకీ అలాగే చెప్పిందన్నమాట. "అది పక్కన పెట్టండి. అసలు సంగతి ఈ సీసా. ముగ్గురు పిల్లలూ పోయేముందు నీలమైపోయారు. పెదాలు, గోళ్లు, నాలిక. ఈవిడ గదిలో నీలం మందు దొరికింది. ఈవిడ పుస్తకాల్లో ప్రతి పేజీలోనూ ప్రయోగం, ప్రయోగం అని రాసుంది. పిల్లల మీద ప్రయోగం చేసి చంపుకుంది."

"అయితే నా జేబులో పెన్ను కూడా పట్టుకోండి. అందులోనూ నీలం ఇంకే. దీన్ని తెలుగులో నీలాపనింద అంటారు బాబూ."

"పది నిమిషాల్లో ఒకటైపోయింది," అన్నాడాయన.

లలితాంబగారు మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నారు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. తెల్లచీర, చేతులకి మోచేతులదాకా పిండి. పొద్దున్నే పనిలో ఉండగానే వీళ్లొచ్చి పడ్డారని తెలుస్తోంది.

"ఆ నీలం మందేంటండీ?" అనడిగాను.

"మిథిలీన్ బ్లూ. పాల పరీక్షకి వాడతాం. పాలల్లో రెండు చుక్కలు వేస్తే, పాలు చెడినవైతే రంగు తొందరగా పోతుంది. ఏ పాల కేంద్రానికి వెళ్లినా ఉంటుంది."

"పిండిలో?"

"బియ్యం, పెసరపప్పు, వేరుశెనగ, మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన రాగులు. ఆ రాగులే నా పందొమ్మిదేళ్లు." ఆవిడ బల్లమీద చల్లారుతున్న గంజిగిన్నె నా ముందుకి జరిపారు. గరిట అందులో నిటారుగా నిలబడి ఉంది. "చూడండి."

చిటికెడు రాగిపిండి వేసి కలిపారు. రత్నరాజు కూడా చూస్తున్నాడు. గోడ గడియారం ప్రకారం మూడు నిమిషాలకి గరిట మెల్లగా ఒరిగి గిన్నె అంచుకి తగిలింది. గంజి మజ్జిగలాగా జారుగా అయిపోయింది.

"బిడ్డ కడుపు బిడ్డ పిడికిలంత ఉంటుంది. పల్చటి గంజి పోస్తే అందులో సగం నీళ్లే. చిక్కటిది పెడితే మింగలేడు. అందుకని బలం తగ్గకుండా పల్చన చెయ్యాలి. మొలకలో ఆ గుణం ఉందని తెలుసుకోవడానికి పదేళ్లు పట్టింది. ఎంత వెయ్యాలో తేలడానికి ఇంకో తొమ్మిదేళ్లు. నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమలో తల్లులకి పాలు లేవు. పదహారు ఊళ్లలో కేంద్రాలు పెట్టాం. అన్నిటికీ ఒకే రోజు విసిరిన పిండి, ఒకే నంబరు డబ్బాలు. పదిహేను చోట్ల పిల్లలు వారం వారం బరువు పెరిగారు. గుల్లలపాలెంలోనూ ఆరు వారాలు పెరిగారు. తర్వాత మార్చి ఆరున ఒకళ్లు, తొమ్మిదిన ఒకళ్లు, పన్నెండున ఒకళ్లు."

"ఇవాళ మిమ్మల్ని అరెస్టు చేస్తే?"

"పదహారూ మూసేస్తారు. మూడొందల మంది పిల్లలు. వాళ్లకి రేపు పొద్దున ఏం పెడతారో నాకు తెలియదు." తర్వాత ఆవిడ రత్నరాజు వైపు తిరిగి, పొద్దుట్నుంచీ అడుగుతున్న ప్రశ్నే మళ్లీ అడిగారని ఆయన విసుగుని బట్టి తెలిసింది. "ఇనస్పెక్టరు గారూ, ఆ పిల్లల రక్తం ఏ రంగులో ఉంది?"

"రక్తం ఎర్రగా ఉంటుందమ్మా. ఇంత చదివారు, అది తెలీదా?"

నేను లేవబోతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. చేతిపిండి నా గడియారానికి అంటుకుంది. "మీరైనా రక్తం రంగు కనుక్కోండి. వండే నీళ్లెక్కడివో కనుక్కోండి. నన్ను మాట్లాడనివ్వరు."

తొమ్మిదీ నలభైకి బందరు వదిలాం. జానీది బందరు సొంతూరు, గుడివాడలో టాక్సీ. ముప్పై అయిదేళ్ల మనిషి. ఆ కారు పెట్రోలు తాగేదానికంటే వాడు మంచినీళ్లు ఎక్కువ తాగుతాడు. చల్లపల్లిలో ఆగి రెండు గ్లాసులు, మోపిదేవిలో ఒక చెంబు, అవనిగడ్డలో కుళాయి కిందే తలపెట్టాడు. "ఇంజను నీదా, కారుదా?" అనడిగితే నవ్వాడు. నాగాయలంక దాటాక నవ్వు తగ్గింది. గుల్లలపాలెం చేరేసరికి పన్నెండూ ఇరవై.

ఊరంటే నలభై కొత్త తాటాకు పాకలు, ఒక డేరా, ఒక వంటపాక, వెనక ఇసకదిబ్బ. దిబ్బ మీద కొత్త చేతిపంపు. వంటపాకలో అన్నపూర్ణ అనే యాభయ్యేళ్లావిడ చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"డబ్బాలు పోలీసులు పట్టుకుపోయారు బాబూ. నిన్న సాయంత్రం నించీ వంట లేదు," అంది.

"వండేది నువ్వేనా అమ్మా?"

"నేనే. జనవరి నించీ. తొమ్మిదో తారీకున పోయిన పిల్ల మా మనవరాలు. దాని తల్లి సుభాషిణి ఉప్పెనలో పోయింది. అప్పటికి ఈ పిల్ల పుట్టి పదకొండు రోజులు." పొయ్యిలోకి చూస్తూ చెప్పింది. ఏడవలేదు. నేను పుస్తకం తీసి రాసుకుంటూ ఉండిపోయాను, తలెత్తకుండా ఉండటానికి.

"నాకు వండి చూపించు. పిండి నా దగ్గరుంది." బందరులో చేతికంటిన సరుకు కాదు; పక్కూరి కేంద్రం నుంచి దారిలో అడిగి తెచ్చుకున్నది. నంబరు అదే.

ఆవిడ రెండు చెంబుల నీళ్లు కొలిచి పోసింది. పిండి కలిపింది. కాసేపటికి గంజి చిక్కబడినట్టే పడి, బందరులో జరిగినట్టే జారిపోయింది. నా గడియారంలో ఏడు నిమిషాలు. దించుతుందని చూశాను. దించలేదు. ఇంకో రెండు పుల్లలు ఎగదోసింది.

"ఇంకా ఎంతసేపు?"

"గరిట నిలబడేదాకా."

"డాక్టరమ్మగారు పల్చగానే పెట్టమన్నారుగా?"

"ఆవిడ అంటారు బాబూ. ఆవిడ బందరులో ఉంటారు, నేనీ ఊళ్లో ఉండాలి. జారుగా పోస్తే జనం ఏమంటారు? అన్నపూర్ణ పిండి దాచుకుని నీళ్లు పోస్తందంటారు. మొదట్లో రెండు రోజులు అన్నారు కూడా. అప్పట్నించీ చిక్కబడేదాకా దించను. అడుగంటితే ఇంకో చెంబు పోసి మళ్లీ కాస్తాను. ఎవరొచ్చి గరిట నిలబెట్టి చూసినా నిలబడాలి."

ముప్పై ఎనిమిది నిమిషాలు. మూడు చెంబుల నీళ్లు పోసింది. ఆఖర్న గిన్నెలో చెంబుకి కాస్త తక్కువే మిగిలింది. గరిట నిలబడింది. ఈ తల్లికి పేరు పెట్టినవాళ్లు అన్నపూర్ణ అని ఊరికే పెట్టలేదనుకున్నాను, తర్వాత ఆ ఆలోచన నాకే చేదుగా అనిపించింది.

"జనవరిలో కూడా ఇలాగే వండావా?"

"ఇలాగే."

"అప్పుడెవరికీ ఏం కాలేదు."

"లేదు బాబూ. మా పిల్ల బుగ్గలు కూడా వచ్చాయి."

వంట మారలేదు, పిండి మారలేదు. "నీళ్లో?"

"అప్పుడు నాగాయలంక నించి ట్రాక్టరు మీద కాలవనీళ్లు వచ్చేవి. ఫిబ్రవరి ఇరవై ఆరున ఆ పంపు వేశారు. ఊరంతా ఎక్కడ తవ్వినా ఉప్పేగా. దిబ్బ మీద మాత్రం తియ్యటి నీళ్లు పడ్డాయి. అందరం కొబ్బరికాయ కొట్టాం."

ఇరవై ఆరున పంపు. ఎనిమిది రోజులకి మొదటి చావు. పంపు వీళ్లకి నీళ్లు పంపిందనుకున్నారు; పిల్లల్ని పంపేసిందేమో అనిపించింది. పైకి అనలేదు.

నీళ్ల డ్రమ్ము మీద మూతగా ఒక కొయ్యపలక ఉంది. తారు పూసిన పలక. దాన్ని ఎత్తి గ్లాసుడు ముంచుకుని తాగాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి. పలక తిరగేసి చూస్తే అడుగున తెల్ల రంగు అక్షరాలు, చాలావరకు అరిగిపోయాయి. మొదటి అక్షరం లేదు. మిగిలింది 'వ్వరాదు'.

"నవ్వరాదు," అని చదివాను. నాకోసం రాసినట్టే ఉంది. "ఇదెక్కడిదమ్మా?"

"దిబ్బ మీద గాలికి పడిపోయి ఉంటే తెచ్చుకున్నా. ఉప్పెన తర్వాత ఊళ్లో చెక్కముక్క లేదు. పిల్లల నీళ్లలో దుమ్ము పడకూడదుగా."

గ్లాసు జానీకి అందించాను. పాక గుంజకి ఆనుకుని నిలబడ్డవాడు చెయ్యి చాపలేదు.

"దాహం లేదు బాబుగారూ."

మోపిదేవిలో చెంబు ఖాళీ చేసినవాడికి, మిట్టమధ్యాహ్నం ఎండలో, దాహం లేదు. నేను ఆ మాట పుస్తకంలో రాసుకున్నాను. టైము ఒంటిగంటా పది.

డేరాలో విల్సన్ అనే డాక్టరున్నాడు. మూడు నెలల నుంచి ఇక్కడే ఉన్న మనిషి, గెడ్డం పెరిగి, కళ్లు లోతుకి పోయి. ఆరు నెలల్లోపు పిల్లలు అయిదుగురు వరసగా ఉయ్యాలల్లో ఉన్నారు. ఇనస్పెక్టరు ఆర్డరు మీద నిన్న సాయంత్రం నుంచి పరిశీలనలో పెట్టాడట.

"పెద్ద పిల్లలకి ఏమైనా అయిందా డాక్టరు గారూ?"

"ఏడాది దాటినవాళ్లు పంతొమ్మిది మంది అదే గంజి తాగారు. ఒక్కళ్లకీ ఏమీ కాలేదు. విషమైతే ముందు ఎక్కువ తాగినవాళ్లకి రావాలి."

"పోయినవాళ్ల రక్తం చూశారా? ఏ రంగు?"

ఆయన నా వైపు అదోలా చూశాడు. "వేలు గుచ్చితే కాఫీ డికాక్షన్ లాగా వచ్చింది. గాలి తగిలినా ఎర్రబడలేదు. నిద్రలేక నా కళ్లే మోసం చేస్తున్నాయనుకుని ఎవరికీ చెప్పలేదు. రిపోర్టులో రాశాను, ఇనస్పెక్టరు గారు చదివినట్టు లేదు."

బయటికొచ్చి జానీని దిబ్బ మీదికి తీసికెళ్లాను. పంపు పక్కన విరిగిన తాటిమొద్దు ఉంది. దాని చుట్టూ తాడు ఒరుసుకున్న గాట్లు. జానీ చెయ్యి ఆ గాట్ల మీదికి దానంతటదే వెళ్లింది.

"నువ్వు ఇంతకుముందు ఇక్కడికొచ్చావు," అన్నాను.

"నవంబరు ఇరవై మూడున. మా పేట పెద్ద పీర్ సాహెబుగారు పదిహేను మందిని తీసుకొచ్చారు. పడవలో వచ్చాం. ఊరు లేదప్పుడు, మిగిలినోళ్లు నాగాయలంక శిబిరంలో ఉన్నారు. పాకలు లేవు, దారి లేదు." ఆగాడు. "గొడ్లు బాబుగారూ. రెండొందలకి పైనే. ఈ మొద్దుకి తాడేసి లాగాం. పల్లంలో తవ్వితే మూరెడు లోతుకే నీళ్లు ఊరేవి, గొయ్యి నిండిపోయేది. పొడినేల ఈ దిబ్బొక్కటే. ఇక్కడే తవ్వాం. ఇక్కడే పూడ్చాం."

కాలికింద ఇసకని చెప్పుతో గీరాను. అరచెయ్యి లోతున తెల్లటి సున్నం పొర తగిలింది.

"ఎందుకు చెప్పలేదురా?"

"ఇవాళేగా పంపు చూసింది. వాళ్లు కొబ్బరికాయ కొట్టామంటున్నారు. మూడు నెలల తర్వాత తియ్యటి నీళ్లు తాగుతున్నవాళ్లకి ఏమని చెప్పను? పెద్దోళ్లు బాగానే ఉన్నారు కదా అనుకున్నా. నాకే గొంతు దిగలేదు."

నాకు లెక్క అర్థమైంది. ఈ సీమలో పొడినేల దిబ్బలో తప్ప లేదు, పాతిపెట్టాలంటే దిబ్బే. తియ్యటి నీళ్లు కూడా దిబ్బలోనే ఉంటాయి, వానచుక్క ఇసకలో దాక్కుంటుంది కాబట్టి. పాతినవాళ్లూ పంపు వేసినవాళ్లూ ఒకే తెలివితో ఒకే చోటికి వచ్చారు. నీళ్లు మంచివో కావో నాలిక మీద ఉప్పు తగిలిందా లేదా అనే చూశారు.

ఒంటిగంటా ముప్పై అయిదుకి రత్నరాజు జీపు వచ్చింది. వెనక సీటులో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య లలితాంబగారు. నీలం సీసా గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, ఆయన ఒళ్లోనే ఉంది.

"పిండి కాదండీ, నీళ్లు," అన్నాను ఎదురెళ్లి.

"ఊరంతా తాగుతున్న నీళ్లు. నేనూ తాగాను మొన్న. మీరు తాగారా?"

"తాగాను."

"నీలమయ్యారా?" కానిస్టేబుళ్లు నవ్వారు. "ఆవిణ్ణి కాపాడాలని నీళ్ల మీద తోస్తున్నారు. ఇదిగో వినండి. నిన్న సాయంత్రం ఆరింటికి ఉగ్గు ఆపించాను. పిల్లలకి గ్లూకోజు నీళ్లు పట్టమన్నాను, అరగంట మరిగించి మరీ. ఆ తర్వాత ఒక్క చావు లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"మరిగించిన నీళ్లెక్కడివి?"

"ఆ పంపువే. ఇంకెక్కడివి?"

నేను డేరా వైపు నడవబోయాను. అంతలో డేరాలోంచి విల్సన్ పరుగున వచ్చాడు. "ఒకడికి పెదాలు నీలం తిరుగుతున్నాయి. రెండో పిల్ల గోళ్లు కూడా."

"ఉగ్గు ఎవరు పెట్టారు?" అని అరిచాడు రత్నరాజు.

"ఎవరూ పెట్టలేదు. నిన్న సాయంత్రం నుంచి మీ నీళ్లే."

లలితాంబగారు కానిస్టేబుల్ చెయ్యి తోసేసి జీపు దిగారు. "రక్తం రంగు?" అన్నారు.

"కాఫీ డికాక్షను," అన్నాం నేనూ విల్సనూ ఒకేసారి. దిబ్బ కింద ఏముందో, పంపు ఎప్పుడు వేశారో రెండు మాటల్లో చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని తెరిచారు.

తల్లులు, అన్నపూర్ణ, కానిస్టేబుళ్లు అందరూ చుట్టూ చేరారు. డేరాలోకి గబగబా నడుస్తూనే ఆవిడ అందరికీ వినపడేలా చెప్పారు. "కళేబరాలు కుళ్లిన చోట నైట్రేటు అనే ఒక లవణం పుడుతుంది. అది నీళ్లలో కలుస్తుంది. నాలిక్కి తెలియదు. మనబోటివాళ్లని ఏం చెయ్యదు. ఆరు నెలల్లోపు బిడ్డ రక్తానికి దాన్ని తట్టుకునే శక్తి లేదు. రక్తం గాలిని మోయడం మానేస్తుంది. బిడ్డ ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, ఊపిరాడదు. మరిగిస్తే మామూలు సూక్ష్మజీవులు చస్తాయి, ఇది చావదు. నీళ్లు ఆవిరై సగమైతే ఇది రెట్టింపవుతుంది."

"నేను మూడు చెంబులు కాచి ముప్పావు చెంబు చేశాను," అంది అన్నపూర్ణ. ఎవరూ ఆవిడ వైపు చూడలేకపోయారు.

"తప్పు నీది కాదమ్మా," అన్నారు లలితాంబగారు. "గంజిని పల్చన చేసే పిండి కనిపెట్టాను. పల్చటి గంజి పోసే మనిషిని ఊరు ఏమంటుందో పందొమ్మిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు." ఆవిడ విల్సన్ వైపు తిరిగారు. "దీనికి విరుగుడు మీ పెట్టెలో ఉందా?"

"లేదు. బందరు పెద్దాసుపత్రిలో ఉండొచ్చు. పోయి రావడానికి అయిదు గంటలు."

"అంతసేపు ఆగరు." ఆవిడ రత్నరాజు చేతుల్లోకి చూశారు. "విరుగుడు మిథిలీన్ బ్లూ. ఆయన దగ్గరుంది."

రత్నరాజు సీసాని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "ఇది హత్యకేసులో సాక్ష్యం. సీలు తీస్తే కోర్టులో నా కేసు పోతుంది. ముద్దాయి చేతికే విషమిచ్చి పిల్లలకి పొయ్యమంటే, ఆ తర్వాత ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

"నేను చెప్తాను," అన్నాడు విల్సన్. "పాలు పరీక్షించే రకం ఇది, సూదికి పనికిరాదు. ఇంకో దారి ఉంటే ముట్టను. నోటి ద్వారా చుక్కలతో పోస్తాను."

"రాసిమ్మంటారా?" అన్నాను. "కాగితం కూడా నీలం ఇంకుతోనే రాయాలి." నవ్వించాలని కాదు. భయమేసినప్పుడు నాకు నోరే ఆసరా.

ఆయన కదల్లేదు. అప్పుడు జానీ వంటపాకలోకి వెళ్లి డ్రమ్ము మీది పలక తెచ్చి ఆయన ముందు తిరగేసి పట్టుకున్నాడు.

"సార్, గుర్తుందా? ఇరవై మూడో తారీకు సాయంత్రం. గొయ్యి పూడ్చాక మీరే రాయించారు. రంగు డబ్బా పట్టుకున్నది నేను."

రత్నరాజు పలక వంక చూశాడు, దిబ్బ వంక చూశాడు, తాటిమొద్దు వంక చూశాడు. "ఇదా ఆ దిబ్బ?" అన్నాడు. "పడవలో వచ్చాం. ఊరు లేదు." లక్క మీద బొటనవేలి గోరు పెట్టి నొక్కాడు. విరగలేదు. పళ్లతో తాడు తెంపి సీసా విల్సన్ చేతిలో పెట్టాడు.

టైము రెండూ ఎనిమిది. విల్సన్ బిడ్డని తూచాడు, లలితాంబగారు చుక్కలు లెక్కపెట్టారు. బిడ్డ పెదాల మీద నీలం పైన నీలం పడింది. తల్లి చూడలేక నా వీపు వెనక దాక్కుంది. నా ఒళ్లు ఒకళ్లకి పనికొచ్చింది ఆ రోజు. కాలవనీళ్ల కోసం జానీ కారు నాగాయలంక దారి పట్టింది.

రెండూ నలభైకి విల్సన్ వాడి వేలు గుచ్చాడు. డికాక్షనులో పాలు పోసిన రంగు. మూడూ పదికి మళ్లీ గుచ్చితే ఎర్రగా ఒక బొట్టు వచ్చింది. వాడు గట్టిగా ఏడిచాడు. రెండో పిల్లకి ఇంకా సమయం పడుతుందన్నారు లలితాంబగారు, ఉయ్యాల పక్కనుంచి లేవకుండానే.

రత్నరాజు బయట జీపుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయనే అన్నాడు.

"చిట్టిబాబు గారూ, అలాంటి పలకలు నేను పదకొండు రాయించాను."

"పదకొండు దిబ్బలా?"

"పదకొండు. ఒక్కటైనా నిలబడి ఉందో లేదో తెలీదు. ట్రాక్టరు నీళ్లు ఈ నెలాఖరుతో ఆపేస్తున్నారు. దిబ్బ కనపడ్డ చోటల్లా పంపులు వేస్తున్నారు." టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "రెండు నిన్ననే మొదలయ్యాయి. ఏ ఊళ్లో నాకు గుర్తు రావటం లేదు."

"కాగితాలు?"

"అవనిగడ్డ స్టేషన్లో ఉండాలి. ఉంటే."

ఆయన జీపు ఎక్కాడు. నన్ను కూడా ఎక్కమని పక్కసీటు చూపించాడు. పదేళ్లలో మొదటిసారి.

ఎక్కబోతుంటే అన్నపూర్ణ అడ్డం వచ్చింది. ఆ పలక ఆవిడ చేతుల్లో ఉంది. "బాబూ, నాకు చదువు రాదు. ఏం రాసుందో చెప్పు."

"తవ్వరాదు అని," అన్నాను. "ఇక్కడ తవ్వరాదు."

ఆవిడ కొంగుతో ఆ అక్షరాలున్న చోట తుడిచింది, అలవాటుగా.

"నేను రోజూ బొగ్గుపొడేసి రుద్ది కడిగేదాన్ని బాబూ," అంది. "పిల్లల నీళ్ల మీద మూత గదా, శుభ్రంగా ఉండాలని."